జుమైరాలో కోరుట్ల మైకుసెట్టు

కోరుట్ల చుట్టుపక్కల పది ఊళ్లలో పెళ్లయినా, ఎన్నికలైనా భోజన్న మైకుసెట్టు మోగాల్సిందే. సైకిలుకు రెండు హారన్లు కట్టుకుని వచ్చి, చెట్టెక్కి తీగలు లాగి, ‘హలో, మైక్ టెస్టింగ్’ అన్నాడంటే మూడు వీధుల అవతల నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. అంతటివాడు దుబాయ్‌కి వచ్చి నాలుగేళ్లుగా ఇసుక మోస్తున్నాడు. 1982లో కూడా అతని కార్డు మీద ‘లేబర్’ అనే ఉంది. భార్యకు పంపే క్యాసెట్లలో మాత్రం, “సమ్మవ్వా, నేనిప్పుడు కరెంటు మిస్త్రీని” అని దర్జాగా చెప్పేవాడు. ఆ అబద్ధం పంపిన రోజు అన్నం సహించేది కాదు.

ఆ యేడు కంపెనీ జుమైరాలో ఒక అరబ్బు ఆసామికి విల్లా కట్టింది. ఫుజైరా నుంచి రాబోతున్న తల్లి ఏ గదిలో కూర్చున్నా పొద్దున రేడియోలో వచ్చే ఖురాన్ పఠనం వినబడాలని ఆయన కోరిక. ఒక యాంప్లిఫయర్, తొమ్మిది గదుల్లో తొమ్మిది స్పీకర్లు, ఒక్కోదానికి ఒక స్విచ్చి. ఇంజనీరు తొమ్మిదింటి తీగలనూ తెచ్చి యాంప్లిఫయర్ వెనక ఒకేచోట బిగించాడు. రెండు నిమిషాలు మోగింది, ఫ్యూజు పోయింది. కొత్తది వేశాడు. అదీ పోయింది. మూడోది కూడా పోయాక మిషనే మంచిది కాదని తేల్చేసి, టై సర్దుకుని వెళ్లిపోయాడు.

సిమెంటు బస్తా భుజాన పెట్టుకుని ఇదంతా చూసిన భోజన్నకు మాట ఆపుకోలేక కడుపు ఉబ్బిపోయింది. బస్తా దించి ఫోర్‌మన్ నూర్ మొహమ్మద్ దగ్గరికి వెళ్లాడు.

“సాబ్, మిషన్ మంచిగనే ఉన్నది. తొమ్మిదింటిని ఒక్కతాన కట్టిండ్రు, గుంజలేకపోతున్నది. మూడు మూడు కలిపి గొలుసు లెక్క కట్టాలె. ఆ మూడు గొలుసులను మిషన్‌కు తగిలియ్యాలె.”

నూర్ మొహమ్మద్ హైదరాబాదువాడు, మాటలో కారం ఎక్కువ. “అరే, ఇంజనీర్‌కు రానిది నీకొస్తదా భోజన్నా?”

“ఆయనెన్నడు పెండ్లిళ్లకు మైకు కట్టలే కద సాబ్.”

ఫోర్‌మన్‌కు నవ్వాగలేదు. “సరే. జుమ్మా రోజు వాళ్లు ఇంట్ల దిగుతరు. మోగిందంటే ముదీర్‌కు, అదే మేనేజర్‌కు చెప్పి నీ కార్డు మీద ఎలక్ట్రీషియన్ అని రాయిస్త. మిషన్ కాలిందంటే నువ్వు ఖలాస్. సీదా ఇంటికే.”

గురువారం మధ్యాహ్నానికి తొమ్మిది గదులూ మోగాయి. సాయంత్రం దాకా మోగుతూనే ఉన్నాయి. యాంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది, అంతే. ఆ రోజు భోజన్న కాళ్లు నేల మీద ఆనలేదు.

శుక్రవారం పదింటికల్లా కబురు వచ్చింది. పఠనం అయిపోగానే పెద్దావిడ తన గదిలో స్విచ్చి ఆపిందట. ఆపగానే చుట్టాలు కూర్చున్న మజ్లిస్ హాల్లోనూ, వంటింట్లోనూ కూడా స్పీకర్లు మూగబోయాయట. ఆసామి మండిపడుతున్నాడు.

“యల్లా, నడువ్!” అంటూ నూర్ మొహమ్మద్ భోజన్నను పికప్ ఎక్కించాడు. “రేపట్నుంచి మళ్ల ఇసుకనే నీకు” అని దారంతా సణిగాడు.

భోజన్నకు దారిలోనే సంగతి వెలిగింది. వెలగ్గానే తల కొట్టేసినట్టయింది. గొలుసులో ఒకటి తెగితే మిగతా రెండూ పోతాయని అతనికి తెలియక కాదు. కానీ పదేళ్లలో ఒక్క పెళ్లివారు కూడా ఫలానా హారన్ ఆపమని అడగలేదు. ఆపితే తన్నేవారు! మైకన్నాక అన్నీ మోగాలి, లేదా అన్నీ ఆగాలి. ఒక మనిషి తన గది వరకు కాస్త నిశ్శబ్దం కోరుకోవచ్చునని ఆ మైకుసెట్టు బుర్రకు తోచనే లేదు.

“తప్పు నాదే సాబ్” అన్నాడు. “మెట్ల కాడ పెడ్తరే, రెండు దిక్కుల స్విచ్చిలు, అసొంటివి తొమ్మిది ఇప్పియ్యుండ్రి. స్పీకరంతే కరెంటు గుంజే రెసిస్టెన్సులు తొమ్మిది. స్పీకర్ ఆపితే కరెంటు దాంట్లకెల్లి పోతది. గొలుసు తెగదు.”

సాయంత్రం దేరా బజారులో దుకాణాలు తెరవగానే సామాను తెచ్చారు. భోజన్న ఒక్కో గదీ చేసుకుంటూ వచ్చి, చివరికి పెద్దావిడ గదిలో స్విచ్చి బిగించాడు. చేతికర్రతో వెనకే నిలబడి చూస్తున్న ఆవిడ అతన్ని పక్కకు జరగమని తానే ఆపింది. ఆ గది నిశ్శబ్దమైపోయింది. మజ్లిస్‌లో రేడియో మోగుతూనే ఉంది. వేసింది, ఆపింది, మళ్లీ వేసింది. చిన్నపిల్లలా నాలుగుసార్లు ఆడించి, “జైన్! జైన్! ముహందిస్!” అంది.

“మంచిగున్నదట. నిన్ను ఇంజనీర్ అంటున్నది” అన్నాడు నూర్ మొహమ్మద్. ఈసారి గొంతులో కారం లేదు.

భోజన్న గోడవైపు తిరిగి, బిగిసి ఉన్న మరనే మళ్లీ బిగించసాగాడు. కళ్లు చెమర్చాయి. అంత గర్వం అతనికి తన పెళ్లినాడు కూడా కలగలేదు.

శనివారం పొద్దున అల్ ఖూజ్‌లో కూలీలుండే క్యాంపు ముందు భోజన్న అలవాటు కొద్దీ లేబర్ వరసలోనే నిలబడ్డాడు. నూర్ మొహమ్మద్ వచ్చి, జబ్బ పట్టుకుని బయటికి లాగాడు.

“ఇక్కడేం పని నీకు? నీ ఎలక్ట్రీషియన్ కాయితం మీద ముదీర్ సంతకం పెట్టిండు. పక్క విల్లా ఆసామికి గూడ గట్లనే కావాల్నట, పన్నెండు గదులు. ఏమేం కావాల్నో చెప్పు.”

భోజన్న వేళ్ల మీద లెక్కపెట్టాడు. స్పీకర్లు, స్విచ్చిలు, రెసిస్టెన్సులు, రెండు కట్టల తీగ.

“అంతేనా?”

భోజన్న నాలుగేళ్లు తాను నిలబడ్డ వరసను ఒకసారి ఇటు నుంచి అటు చూశాడు.

“ఒక హెల్పర్ కావాలె సాబ్” అన్నాడు.