కిటికీ అవతల ట్రాఫిక్

మా పిన్ని చీపురు పట్టుకుని వస్తోందంటే దుమ్ము తనంతట తానే లేచి వెళ్లిపోతుందని అమ్మ అంటూ ఉంటుంది. సొంత చెల్లెలి గురించి కాబట్టి కాస్త తగ్గించే చెప్పిందనుకోవాలి. పిన్ని ఒక పెద్ద ఆసుపత్రిలో వార్డుల శుభ్రత చూసేది. తడి ఆరని నేల మీద అడుగు పెట్టాలంటే పెద్ద డాక్టర్లు కూడా ముందు ఆవిడ ముఖం చూసేవారట. ఆవిడ రిటైరయ్యాక ఆసుపత్రి ఊపిరి పీల్చుకుంది, ఇంట్లో ఉన్న మాకు ఊపిరాడలేదు. నేను ఆ ఇంటి మేడ మీద ఉంటూ బట్టలు కుడతాను. మెట్ల మీద ఒక్క దారప్పోగు కనిపిస్తే చాలు, పిన్ని దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పైకొచ్చి "ఇది ఎవరిదే?" అని అడుగుతుంది. ఇంట్లో దారంతో పని ఉన్నది నాకొక్కదానికే అని ఆవిడకు తెలియక కాదు.

బాబాయి సిటీ బస్సు డ్రైవరు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి టీవీ ముందు కూర్చునేవాడు. సరిగ్గా అప్పుడే పిన్నికి ఆ గది తుడవాలనిపించేది. "అడ్డం తప్పుకో!" అని బాబాయి రోడ్డు మీద అరిచినట్టే అరిచేవాడు. "ఇది మీ బస్సు కాదు, నా ఇల్లు" అని పిన్ని. ఈ రెండు మాటలూ కిందనుంచి వినిపించగానే నేను మిషను ఆపి వంటకు లేచేదాన్ని. ఇన్నేళ్లలో నాకు గడియారం అవసరమే పడలేదు.

తర్వాత బాబాయి వెన్నుకు ఆపరేషన్ అయింది. బాగానే అయింది కాని, ఇక స్టీరింగ్ పట్టకూడదన్నారు. ముందుగదిలో కిటికీ పక్కన ఎత్తుపాటి కుర్చీ వేసి కూర్చోబెట్టాం. కూర్చున్నాడు. అంతే, మాట పడిపోయినట్టు అయిపోయాడు.

"భోజనం పెట్టనా?" అని పిన్ని అంటే "ఊఁ."

"ఫ్యాను తగ్గించనా?" అంటే "ఊఁ."

"పోనీ, నన్ను వెళ్లి బావిలో దూకమంటారా?" అంటే దానికీ "ఊఁ."

ఒకరోజు పిన్ని కావాలనే టీవీకి అడ్డంగా నిలబడి, వార్తలు మొదలైనప్పటినుంచి అయిపోయేదాకా ఒకే చోట తుడిచింది. బాబాయి ఏమీ అనలేదు. కనీసం తల కూడా పక్కకు వంచలేదు. పిన్ని తుడుపుకర్ర అక్కడే వదిలేసి మేడ మీదికొచ్చి, నేను కత్తిరించిపెట్టిన గుడ్డల మీదే కూలబడింది. కింద నేలంతా దారాలు. ఒక్కటీ ఆవిడ కంటపడలేదు.

"అడ్డం తప్పుకో అనడం లేదే" అంది. "తిట్టడం లేదు, విసుక్కోవడం లేదు. ఈ మనిషి ఇలాగే కూర్చుని కూర్చుని ఆరిపోతాడేమోనని భయంగా ఉందే."

వాళ్ల అరుపులు పడలేక చెవుల్లో దూది పెట్టుకుని మిషను తొక్కిన రోజులున్నాయి నాకు. ఆ నిశ్శబ్దం అంతకన్నా కష్టంగా ఉంది.

మర్నాడు బాబాయిని చెయ్యి పట్టి లేపి స్నానానికి పంపాక పిన్ని ఆయన కుర్చీలో కూర్చుని బయటికి చూసింది. వీధి కనపడకుండా ఎత్తు గోడ. గోడకు ఇవతల దువ్వి పాపిడి తీసినట్టున్న పచ్చగడ్డి. రోజు విడిచి రోజు వచ్చే కుళాయి నీళ్లలో సగం ఆ గడ్డే తాగేది. ఒక పిట్ట లేదు, పురుగు లేదు.

"జన్మంతా అద్దంలోంచి రోడ్డు చూసిన మనిషి. ఇక్కడ చూడ్డానికి ఏముంది? మీ బాబాయికి ట్రాఫిక్ కావాలే" అంది పిన్ని.

నన్ను వెంటబెట్టుకుని నర్సరీకి బయల్దేరింది. ఏం మొక్కలు కావాలని నర్సరీ ఆవిడ అడిగితే "కదిలేవి" అంది. ఆ మహాతల్లి నా వైపు జాలిగా చూసింది. నేను విషయం చెప్పాక, "అయితే పూల కుండీలు కాదమ్మా, ఈ మట్టిలో పుట్టిన మొక్కలు పెట్టుకోండి. వేరు పట్టేదాకా నీళ్లు చూసుకుంటే చాలు, తర్వాత వాటి తిప్పలు అవే పడతాయి. పిట్టలకీ సీతాకోకచిలుకలకీ తెలిసిన చెట్లు అవే" అంది. ఆవిడ ఇచ్చినవి వావిలి, కరివేపాకు, ఇంకా రెండు జిల్లేడు మొక్కలు.

అమ్మ ఫోన్లో పడీ పడీ నవ్వింది. "జిల్లేడా! జనం పీకి పారేసేదాన్ని అది ఏరికోరి నాటుతోందా? తలుపు తీసి ఉంచమను, గాడిదలు కూడా వస్తాయి."

పిన్ని ఎవరి మాటా వినలేదు. గడ్డి తవ్వి పారేసింది. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి మొక్కల మొదట్లో పోసింది. పిట్టల కోసం వెడల్పాటి మట్టి పళ్లెంలో నీళ్లు పెట్టి, ఆ పళ్లేన్ని పొద్దునా సాయంత్రం తోమింది. జిల్లేడు పాలు చేతికంటి కంట్లో పడకూడదని ఆసుపత్రి రోజుల రబ్బరు తొడుగులు తీసింది. అంతవరకూ బాగానే ఉంది. మొక్కలు ఏపుగా పెరిగి కిటికీ అందుకున్నాయి.

కాని మా పిన్ని చేతిలో పడిన మొక్క పేషెంటు కాకుండా ఉంటుందా? పొద్దున్నే తడిగుడ్డతో ఆకు ఆకూ తుడిచేది. రాలిన ఆకు నేల తాకేలోపే ఎత్తేసేది. జిల్లేడు మీద నల్లచారల గొంగళిపురుగులు కనపడితే ఇన్‌ఫెక్షన్ అని ఒక్కొక్కటీ ఏరి మూత బకెట్లో వేసి, వీధి చివర పారబోసి వచ్చేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని, "సీతాకోకచిలుకలు ఒక్కటీ నిలవట్లేదేమే? నర్సరీ ఆవిడ మోసం చేసిందా?" అని నన్ను అడిగేది. బకెట్ మూత పట్టుకుని రోజూ వెనకాల తిరిగిన నాకు కూడా బుర్ర వెలగలేదు. ఒకే రక్తం కదా.

ఒక పొద్దున పిన్ని బాగా బలిసిన పురుగునొకదాన్ని వేళ్లతో పట్టుకుందో లేదో, కిటికీలోంచి గొంతు వినిపించింది. వాడక బొంగురుపోయిన గొంతు.

"ఎక్కినవాళ్లని దారి మధ్యలో దింపేస్తావేంటి?"

నేను బకెట్ మూత కింద పెట్టేశాను.

"ఏమన్నారు?" అంది పిన్ని మెల్లగా.

"ఆ నారింజ రెక్కలది రోజూ వచ్చి ఆకు కింద గుడ్లు పెట్టిపోతోంది. పురుగయ్యేసరికి నువ్వు ఎత్తుకుపోతున్నావు. సీతాకోకచిలుకలు ఇంక ఎక్కణ్ణుంచి వస్తాయి, నీ బకెట్లోంచా?"

ఇంత పొడుగు మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. పిన్ని పురుగుని తిరిగి ఆకు మీద పెట్టింది, నిద్రపోయే పసిపిల్లని మంచం మీద పడుకోబెట్టినంత జాగ్రత్తగా. లోపలికెళ్లి "భోజనం పెట్టనా?" అని అడిగింది. "ఊఁ" అన్నాడు బాబాయి. మళ్లీ మొదటికొచ్చామనుకున్నాను.

ఆ తర్వాతి రోజులు పిన్నికి నరకం. జిల్లేడు ఆకులన్నీ చిల్లులు పడ్డాయి. ఎండుటాకులు మొక్కల కింద పరుచుకున్నాయి. మట్టి తడి ఆరకుండా ఉంటుందని వాటిని అలాగే వదిలెయ్యమని నర్సరీ ఆవిడ చెప్పింది. పిన్ని వాటివైపు చూడలేక మొహం తిప్పుకుని నడిచేది. చేతులు ఊరుకోక నా మెట్లు మూడుపూటలా తుడిచింది. వావిలి పూలకి తేనెటీగలు వచ్చాయి. పళ్లెంలో పిట్టలు మునకలేశాయి. బాబాయి కుర్చీలో కాస్త ముందుకు వంగి కూర్చోవడం గమనించాను కాని, పైకి అనలేదు. ఒక పురుగు జిల్లేడు దిగి గోడ పాకి కిటికీ ఊచకే గూడు కట్టి వేలాడింది. లేతాకుపచ్చ రంగు గింజంత గూడు, దాని మీద బంగారు చుక్కలు.

పిన్ని మొక్కల్ని వదిలేసింది కాని కిటికీని ఎలా వదులుతుంది? ఒక ఉదయం గుడ్డ పట్టుకుని ఊచలు తుడవడానికి బయటినుంచి వచ్చి నిలబడింది. నేను మెట్లు దిగుతున్నాను. ఆ గూడు అప్పటికే నల్లబడి, అంచున చీలి ఉంది. పిన్ని చూసుకోలేదు. లోపల కుర్చీ కిర్రుమంది. బాబాయి ఊచలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. తనంతట తనే లేచాడు.

"అడ్డం తప్పుకో!"

వీధి వీధంతా వినిపించేలా అరిచాడు. పళ్లెం మీది పిట్టలు లేచిపోయాయి. గూడు చీల్చుకుని వచ్చి ఊచకు తడిరెక్కలతో వేలాడుతున్న సీతాకోకచిలుక మాత్రం కదల్లేదు, రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

పిన్ని గుడ్డ కిందపడేసి పక్కకు జరిగింది. ఆ పక్కన జిల్లేడు కొమ్మ మీద ఇంకో నారింజ రెక్కలది వాలి ఉంది, ఇప్పుడు దానికి అడ్డమైంది.

"నిన్నే! వినపడట్లేదా? అడ్డం తప్పుకోమంటుంటే!"

"ఇది మీ బస్సు కాదు" అంది పిన్ని. కళ్లు తుడుచుకుని, ఇంకోసారి అనిపించుకోవాలని అక్కడే నిలబడింది.

గడియారం చూసుకోకుండా నేను వంటకు పైకి వెళ్లాను.