ఫ్రెంచికి అన్ని దేశాలు, మా యాడికి ఒక్క మైకు

తెలంగాణ ఉద్యమంలో భాష గొడవే లేదు, అంతా నీళ్లూ కొలువులే అని ఎవరైనా తీరిగ్గా చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న మా తమ్ముడూ అదే అన్నాడు. అదీ, ఆఫ్రికాలోని మాలి దేశం ఫ్రెంచిని అధికార భాష హోదా నుంచి దించి, ఇళ్లలో మాట్లాడుకునే భాషలకు ఆ హోదా ఇచ్చిందని నేను ఫోనులో చదివి వినిపించాక.

ఉద్యమం రోజుల్లో నేను జనగామలో డిగ్రీ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పేదాన్ని. ఒకే భాష వాళ్లకు రెండు రాష్ట్రాలెందుకని పెద్దమనుషులు అడిగినప్పుడల్లా ఫ్రాన్సు, బెల్జియం, స్విట్జర్లాండు, కెనడా, సెనెగల్ అని వరసపెట్టి, ఇన్ని చోట్ల ఫ్రెంచి అధికార భాషే కదా, వాళ్లందర్నీ ఒక్క దేశంగా ఉండమని ఎవరైనా అడిగారా అని నోరు మూయించేదాన్ని. మన యాసను సినిమాల్లో రౌడీలకు అంటగట్టి నవ్వారన్న కసి కూడా అందులో ఉండేది.

మహబూబాబాద్‌లో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన రోజు, పొగకు కళ్లు తుడుచుకుంటూ అదే చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, డోర్నకల్ దగ్గరి మా తండా ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చిన మా యాడికి, అంటే అమ్మకు, మైకు అందించాను. మాట్లాడాల్సింది పత్తి చేలో తనలో తాను ఎన్నాళ్లుగానో చెప్పుకుంటూ సిద్ధమైంది పాపం. మా లంబాడీ భాషలో మొదలుపెట్టిందో లేదో, సభ నడిపిస్తున్న లెక్చరరు అన్న మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవ్వా, తెలుగుల చెప్పు. గిట్ల మాట్లాడితే ఎవలకు సమజైతది?"

"మన మాటను ఎక్కిరించిండ్రనే గదా అన్నా గింత లొల్లి! మా యాడి మాట నీకు బరువైందా?" అన్నాను.

"జర ఆగరాదు చెల్లె! ముందుగాల రాష్ట్రం రానియ్యి, అందరి భాషకు జాగ దొరుకుతది."

యాడి మైకు నా చేతిలో పెట్టి, పొయ్యి దగ్గరికి పోయి గంజి వార్చింది.

ఇంట్లో వోలోఫు మాట్లాడుకునే మనిషి ఆఫీసులో ఫ్రెంచి వెతుక్కునే సెనెగల్ మా తండాకు ఏమంత దూరం? దవాఖానలో నొప్పి ఎక్కడుందో చెప్పడానికి యాడి ఇవాళ్టికీ తెలుగు మాటలు తడుముకుంటుంది. మనవలు ఆమెకు తెలుగులోనే జవాబిస్తారు. ఏ పనికీ పనికిరానివ్వని భాషను పట్టుకు వేలాడమని వాళ్లను నేను ఏ నోటితో అడగను? ఆ అన్న ఇప్పటికీ పెళ్లిళ్లలో కనిపించి, బాగున్నవా చెల్లె అంటాడు.

అన్నా, రాష్ట్రమైతే వచ్చింది. ఇంకేం రావాలె?