పైపు వెనక పీచు

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆవిడను వీధిలో అందరూ భూతద్దం మేడం అంటారు. పాలు పోసేవాడి ఎదుటే వాసన చూస్తుంది. బొమ్మ కొంటే తడిగుడ్డతో రుద్ది, రంగు ఊడదని తేలాకే తన పాప చేతికిస్తుంది. పాప పాకడం మొదలెట్టాక ఆ అనుమానం మరీ ముదిరింది. నేలమీద ఏది దొరికినా నోట్లోకే మరి.

అలాంటి ఇంట్లో ఎలుకలు పడ్డాయి.

"మందు పెడితే పీడ వదులుతుంది," అన్నారు మామగారు. బస్సు నడిపి రిటైరైన మనిషి. అంట్లు తోమే పని పట్టుబట్టి మరీ తన చేతిలోకి తీసుకున్నారు.

"పాప తినదని మీరు పూచీ ఉంటారా మామయ్యగారూ?"

"సరే, నీ సైన్సుతోనే కానియ్. ఆదివారం దాకా చూస్తా. తర్వాత నా మాటే."

మీరిద్దరూ తేల్చుకోండని భర్త తప్పుకున్నాడు.

ఆమె టార్చి పట్టుకుని ఇల్లంతా జల్లెడ పట్టింది. చిటికెనవేలు దూరే సందు చాలు, ఎలుకపిల్ల వచ్చేస్తుంది. తలుపు కింద రబ్బరు పట్టీ బిగించింది. తూముకు జాలీ వేసింది. సింకు కింద పైపు గోడలోకి పోయేచోట స్టీలు పీచు కుక్కింది. దాన్ని ఎలుక కొరకలేదు. సిమెంటు తెచ్చాక పైన పూయొచ్చనుకుంది.

మర్నాటికి పీచు లేదు. మళ్ళీ కుక్కింది. మళ్ళీ మాయం. ఎలుకే లాగితే పోగులైనా రాలవా? తనను ఓడించి మందు పెట్టాలని మామగారే తీస్తున్నారేమో. మొన్న బజారు నుంచి వచ్చి సంచీ వంటింట్లో పెట్టకుండా నేరుగా తన గదిలోకి పట్టుకుపోయారు కూడా.

శనివారం పడుకోబోయేముందు సింకు దగ్గర పిండి చల్లింది. పొద్దున చూస్తే అందులో రబ్బరు చెప్పుల గళ్ళు అచ్చుగుద్దినట్టున్నాయి.

మామగారు కుక్కర్ తోముతున్నారు, తళతళలాడే పీచుతో.

"మీరేనా తీస్తున్నది?"

"నేనే. అరిగిపోయినవి నాకిచ్చి కొత్తవి పైపు వెనక దాస్తావేంటమ్మా? ముసలాడు గిన్నెలకి చిల్లులు పెడతాడనా?"

ఆమె ఎందుకు పెట్టిందో చెప్పింది. ఆయన కుక్కర్ పక్కనపెట్టి చేతులు తుడుచుకున్నారు. తర్వాత గదిలోకెళ్ళి ఒక పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఎలుకల మందు.

"కొట్లో తిరిగిచ్చెయ్. విప్పలేదులే."

ఆమె పొట్లాన్ని వెలుగులోకి ఎత్తి, అంచులన్నీ తడిమి, అతుకు ఊడలేదని చూసుకుని కాలేజీ సంచిలో వేసుకుంది. ఆ పూటే సిమెంటు తెప్పించింది. ఆయన పీచు కూరారు, ఆమె సిమెంటు పూసింది. చేతులు కడుక్కుని మళ్ళీ కాస్త పిండి చల్లింది.

"ఇది ఎలుక కోసమా, నా కోసమా?" అన్నారాయన.

"ఇద్దరి కోసం."