నా రూపంలో పడవెక్కినది

మా అబ్బాయి ఆ రోజు ఒంటరిగా వేటకి వెళ్ళడానికి కారణం మైల. వాడితో రోజూ పడవెక్కే అతని ఇంట్లో పినతండ్రి పోయాడు. మైలలో ఉన్నవాళ్ళు పడవని ముట్టుకోకూడదని మా పేటలో కట్టుబాటు. ముట్టుకుంటే సంద్రానికి తెలిసిపోతుందంటారు. అతను రాలేదు. కానీ ముందురోజు సాయంత్రం ఇద్దరూ కలిసి వేసిన వల నీళ్ళలోనే ఉంది. వల నీళ్ళలో వదిలేసి ఇంట్లో కూర్చునే సంసారం కాదు మాది. క్యారేజీలో అన్నం, ఎండుచేపల పులుసు పెట్టిచ్చాను. వాడు ఒక్కడే ఫైబర్ బోటు తోసుకుని వెళ్ళిపోయాడు.

అల్పపీడనం ఉందని టీవీలో చెబుతూనే ఉన్నారు. ఒడిశా వైపు పోతుందన్నారు. అప్పుడు సంద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. మా మొగల్తూరు వైపు పెద్దవాళ్ళు అలాంటి నీళ్ళని నమ్మొద్దంటారు. అంటారు గానీ, ఎవరు మానేశారు కనుక?

వాడి ఫోను తడిసిందని కోడలు దాన్ని బియ్యం డబ్బాలో పెట్టింది. ఎసట్లో పోయడానికి బియ్యం తీస్తుంటే అది డబ్బా అడుగునుంచి మోగింది. కోడలు పైకి లాగి చదివింది. తుపాను ఇటు తిరిగిందట. వేటకి వెళ్ళినవాళ్ళు వెంటనే ఒడ్డుకి రావాలట. ఆ కబురు ఎవరికి చేరాలో వాడేమో నీళ్ళమీద, కబురేమో బియ్యంలో. కాసేపటికి మళ్ళీ మోగింది. కోడలు ఈసారి చదవకుండానే దాన్ని మళ్ళీ బియ్యంలోనే కప్పెట్టేసింది.

పొద్దు వాలేలోపు తక్కిన పడవలన్నీ వచ్చేశాయి. మాది రాలేదు. గాలి మొదలైంది. కొబ్బరిమట్టలు రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతున్నాయి. వాలంటీర్లు వచ్చి అందర్నీ తుపాను షెల్టరుకి నడవమన్నారు. నేను బియ్యం డబ్బా, పచ్చడి జాడీ, రెండు దుప్పట్లు పట్టుకుని కోడల్ని ముందు నడిపించాను.

షెల్టరులో గాలి మోత తప్ప ఇంకేం వినపడలేదు. అది మామూలు గాలి కాదు. తలుపుల మీద ఎవరో భుజం పెట్టి తోస్తున్నట్టుంది. మా పక్కింటావిడ, నాకు వదిన వరస, నా పక్కన చేరింది.

"ఏడవ్వేంటి వదినా? కడుపున పుట్టినవాడు నడిసంద్రంలో ఉంటే కంట చుక్క రాదా? రాయివా?"

"ఏడిస్తే వాడు పోయాడని నేనే ఒప్పుకున్నట్టు. నీకు ఒప్పుకోవాలనుంటే నువ్వు ఒప్పుకో, నీ కొడుకు ఎదురుగానే ఉన్నాడుగా."

"అమ్మో, నీ నోట్లో నోరు పెట్టలేం తల్లీ," అని జరిగి కూర్చుంది.

పులిహోర పొట్లాలు పంచారు. కోడలు ముట్టలేదు.

"తినవే. గవర్నమెంటుది, మనది కాదు. పారేస్తే పాపం, తింటే బలం," అన్నాను.

ఒక ముసలావిడ ఎదురుగా కూర్చుని కోడలి చేతి గాజులకేసే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. మా ఆయన జబ్బుతో మంచాన ఉన్నప్పుడు నా చేతులకేసి కూడా జనం అలాగే చూశారు. నేను లేచి వెళ్ళి కోడలికీ ఆవిడకీ మధ్య అడ్డంగా కూర్చున్నాను. గాలి ఆగేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

గాలి తగ్గాక కూడా కబురు లేదు. పడవలు వెతకడానికి వెళ్ళి ఊరికే తిరిగొచ్చాయి. బతికుంటాడని పైకి అందరూ అంటున్నారు. అంటూనే మా వాకిట్లో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. అది చాలు కదా మనకి అర్థమవడానికి.

అప్పుడు అంతర్వేది వైపునుంచి ఫోనొచ్చింది. పడవ ఇసకలోకి కొట్టుకొచ్చిందట. సగం నిండా నీళ్ళట. మనిషి ఉన్నాడట, ఊపిరి ఉందట.

ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్ళంతా ఉప్పు కట్టి తెల్లగా ఉంది. అరచేతులు తోలూడిపోయి పచ్చి పుండ్లు. కోడలు గొల్లుమంటూ పరిగెత్తింది. దాన్ని పట్టుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. చూసి వెనక్కి తగ్గాడు. ఆటోకి వీపు ఆనేదాకా తగ్గాడు.

"ముందు ఆవిణ్ణి ఏదో ఒకటి మాట్లాడమను," అన్నాడు పెళ్ళాంతో. నన్ను అమ్మా అని కూడా అనలేదు.

వాడి ఒంటిమీద చొక్కా లేదు.

"చొక్కా ఏదిరా?" అన్నాను. "కొత్తదేగా? ఉతికి రెండుసార్లయినా కాలేదు."

వాడు అక్కడే కూలబడి నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. సంద్రంలో బుర్ర చెదిరిందని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

చేతులు మానడానికి చాన్నాళ్ళు పట్టింది. ఆ రోజుల్లో వాడు నాకేసి దొంగచూపులు చూసేవాడు. నేను ఎవర్నైనా తిడుతుంటే స్థిమితంగా ఉండేవాడు. నేను ఊరికే కూర్చుంటే లేచి అవతలికి పోయేవాడు. నేను లోపలికి వస్తే, నా గొంతు వినపడేదాకా తలెత్తేవాడు కాదు.

ఒక రోజు అరుగు మీద ఇద్దరం వల బాగు చేసుకుంటున్నాం. అదే వల. అడిగేశాను.

"ఆ రోజు నన్ను చూసి అలా వెనక్కి ఎందుకు తగ్గావు?"

వల అల్లే కండెకి దారం చుట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు. నీళ్ళు పడి ఇంజను ఆగిపోయిందట. కెరటానికి పడవ అడ్డం తిరిగితే బోల్తానే. అందుకని వల మొత్తం మూట కట్టి, పడవ ముక్కుకి తాడేసి నీళ్ళలోకి వదిలాడట. మూట బరువుకి ముక్కు గాలికి ఎదురుగా నిలబడిందట. ఇంక వాడి పనల్లా లోపల పడ్డ నీళ్ళు డబ్బాతో తోడి పోయడమే. తోడటం ఆపితే మునగడమే.

"తోడుతూనే ఉన్నానమ్మా. పగలో రాత్రో తెలీలేదు. చేతులు నావి కావనిపించింది. తలెత్తి చూస్తే వెనక చెక్క మీద నువ్వు కూర్చున్నావు."

"నేనా?"

"నువ్వే. ఈ నేత చీరే. తల మీద కొంగు. చీర తడవలేదు."

"అంత వానలోనా?"

"అంత వానలో పొడిగా ఉంది."

నా చేతిలో వల ఆగిపోయింది.

"ఏమన్నాను?"

"చాల్లే నాన్నా, అన్నావు. చాలా కష్టపడ్డావు, ఇంక పడుకో, నేను చూసుకుంటాను, అన్నావు." వాడు కండె పక్కన పెట్టాడు. "నాకెంత హాయిగా ఉందో చెప్పలేనమ్మా. డబ్బా కింద పెట్టేశాను. ఒక పక్కకి ఒరిగాను కూడా. నీళ్ళు చెవికి తగిలాయి. అప్పుడనిపించింది, మా అమ్మ ఇలా అనదే అని. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి అనలేదే. మా అమ్మయితే 'డబ్బా వదిలేశావేరా, కొనిచ్చేది నీ తాతా' అంటుంది. ఇది అమ్మ కాదు అనుకున్నాను. లేచాను."

"తర్వాత?"

"మళ్ళీ అంది. ఇంకా మెత్తగా అంది. నేను దాని మొహం చూడకుండా తోడాను. వెలుతురొచ్చేసరికి లేదు."

కోడలు గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టుంది. "మీ నోటి దురుసే నా తాళి నిలబెట్టిందత్తయ్యా! రోజూ ఇంకాస్త తిట్టండి, నేనేం అనుకోను," అంది నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ. వాడు కూడా నవ్వాడు. ఆ తర్వాత వాడి భయం తగ్గింది. మళ్ళీ వేటకి వెళుతున్నాడు, ఇద్దరుంటేనే.

ఆ భయం వాణ్ణి వదిలి నన్ను పట్టుకుంది.

నా రూపం ఎత్తింది సరే. చీర ఎవరైనా చూస్తారు, సంద్రం కూడా చూస్తుంది, రోజూ ఒడ్డున నిలబడేదాన్నే. ఆ మాటలు దానికెక్కడివి? వాళ్ళ నాన్న పోయాక వాడు ఇంకా మీసం రాని వయసులో పడవెక్కాడు. ఇంటికొచ్చి కంచం ముందే జోగేవాడు. చాల్లే నాన్నా, ఇంక పడుకో, నేను చూసుకుంటాను. ఈ మాటే, ఇదే వరసలో, ఎన్నోసార్లు నా గొంతుదాకా వచ్చింది. అంటే వాడు మెత్తబడిపోతాడు, ఇల్లు గడవదు. మింగేసి, "లేచి ఆ వల ఆరెయ్యి" అనేదాన్ని. పైకి ఎప్పుడూ అనలేదు. కనీసం దేవుడి దగ్గర కూడా అనలేదు. నా లోపల అట్టడుగున దాచిన మాట అది. దాన్ని తవ్వి తీసుకెళ్ళి, నా కొడుకుని ముంచడానికి వాడుకుంది.

మొన్న ఎండలకి వాడికి జ్వరం వచ్చింది. ఒళ్ళు పేలిపోతోంది. పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేశాను. వాడు కళ్ళు తెరిచి నాకేసి చూశాడు. ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నేనేమంటానో అని.

"లేచి కూర్చో," అన్నాను. "గంజి చల్లారిపోతోంది. మళ్ళీ కాయడానికి గ్యాసు ఊరికే రావట్లేదు."

బిగబట్టిన ఊపిరి వదిలాడు. లేచి తాగాడు. గ్లాసు నాకిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి గురక పెట్టాడు. ఇప్పుడన్నా అనొచ్చు, వాడికి వినపడదు. పెదవుల దాకా వచ్చింది కూడా. అనలేదు. మా ఇంటికి సంద్రం ఎంతో దూరం లేదు. అది వింటుంది.