అన్నిటి మీదా ఒకే ఆకురాయి గీత

నకిలీ ప్రొపెల్లర్ల సంగతి మొదట నాకు చెప్పింది పోలమ్మ. విశాఖ చేపలరేవులో చేపలు అమ్ముకునే మనిషి. ఉద్యోగ విరమణకు ముందటి ఏడు నేను ఓడరేవు కస్టమ్స్‌లో అప్రైజర్‌ని. అంటే, దిగిన సరుకు పరీక్షించి, వదలవచ్చో లేదో తేల్చే అధికారిని. బడికి వెళ్లకుండా నాన్న దగ్గరే చదువుకుని ప్రైవేటుగా పరీక్షలు రాసిన నాకు ఆ కుర్చీ దక్కడం దేవుడి దయ.

పోలమ్మ గంపలోంచి విరిగిన ప్రొపెల్లర్ రెక్క తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇదేటో సూడమ్మా. ఖాదర్ బాయ్ సరుకని కొన్నాం. నడిసముద్రంలో ఇరిగిపోనాది. పక్క బోటోలు తాడేసి లాక్కొచ్చినారు గాబట్టి నా పెనిమిటి ఇంటికొచ్చినాడు. ఇలాటియి ఇంకా దిగతన్నాయంట."

ఖాదర్ భాయ్ విశాఖ పాతనగరంలో మరపడవలకు ప్రొపెల్లర్లు పోతపోసే పనివారు. రెక్క మీద ఆయన చేపతోక గుర్తే ఉంది. కానీ పోలమ్మ ఫిర్యాదు నేను తీసుకోకూడదు. గుర్తు ఎవరిదో వారే ఇవ్వాలి. గట్టి అనుమానం ఉంటే సరుకును కొద్దిరోజులు మాత్రం మేమే ఆపవచ్చు. డిప్యూటీ కమిషనర్ గారి అనుమతితో, ఇక్కడ పోతపోసే ఆయన గుర్తుతోనే విదేశం నుంచి అప్పుడే దిగిన కంటైనర్‌ను అలాగే ఆపి, ఖాదర్ భాయ్‌కి నోటీసు పంపాం. ఆయన తన గుర్తును ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించారు గానీ కస్టమ్స్‌లో నమోదు చేయించలేదు. గడువులోగా ఫిర్యాదుతో పాటు, అది తప్పని తేలితే నష్టం భరిస్తానని బాండు రాసివ్వాలి. లేదంటే సరుకు వదిలేయాల్సిందే.

ఆయన రాలేదు. ఫిర్యాదంటే కోర్టు, పోలీసు అని భయం. సరుకు తెప్పించిన సేటు పాత పరిచయస్తుడు కూడా. గడువు ముగిసే రోజున పోలమ్మే ఆయన్ని ఆటోలో వెంటబెట్టుకొచ్చింది. గుమ్మంలో ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు.

"పోనీలే చెల్లెమ్మా. ఆ సేటు అల్లాకి జవాబు చెప్పుకుంటాడు."

"ఆడు సెప్పేలోపు మా మొగోలు ఎల్లి ఆ అల్లానే కలుత్తారు బాయ్. మేం నీ గుర్తు సూసి కొన్నాం గానీ సేటు మొకం సూసి కాదు. నోరు లేదేటి నీకు?"

ఆయన తల వంచుకుని సంతకం పెట్టారు.

ఇరుపక్షాల ఎదుట గోదాములో పెట్టెలు తెరిచాం. ఇది ఖాదర్ భాయ్ అసలు సరుకేనని, బయటి దేశంలో అమ్ముడుపోక తిరిగొచ్చిందని సేటు వాదన. ప్రొపెల్లర్లు వరసగా పేర్పించాను. ప్రతిదాని మీదా, ఒకే రెక్కకు, ఒకే చోట ఆకురాయి గీత కనిపించింది. అదేమిటని అడిగాను. పోత అయ్యాక దేనికది వేలాడదీసి తూకం చూసి, బరువైన రెక్కను ఆకురాయితో రాస్తానని ఖాదర్ భాయ్ చెప్పారు. ఏ రెక్క బరువుంటుందో పోతపోతకూ మారుతుంది. అసలు ముక్క ఒకటి తీసుకుని, గీతతో సహా అచ్చు తీసి పోసేశారన్నమాట. విచారణ ముగిశాక సరుకును జప్తు చేసి ధ్వంసం చేయించాం. అలాంటిదాన్ని వెనక్కి పంపడానికి నిబంధన ఒప్పుకోదు.

ఫిర్యాదు హక్కు గుర్తు యజమానిది. ఆ గుర్తును నమ్మి సముద్రం మీదికి వెళ్లేది వేరొకరు. ఈ కేసు నాకు నేర్పింది అదే. ఫైలులో హక్కుదారు పేరుంది, దిగుమతిదారు పేరుంది, నా సంతకమూ ఉంది. పోలమ్మ పేరు రాయడానికి అందులో చోటు లేదు. చదివిన మీరైనా ఆమెను గుర్తుంచుకోండి.