మారేడ్‌పల్లిలో గీసిన ఓడ

పోయిన శుక్రవారం పొద్దున మౌలాలి నుంచి ఫోను వచ్చింది. మా నక్షా సాబ్ పోయారని ఆయన కూతురు చెప్పింది. నమాజు చేసుకుని గోడకు ఒరిగారట, పిలిస్తే పలకలేదట.

ఆయన గురించి మీరు విని ఉండరు. నక్షా సాబ్ అన్నది మా వాడ పెట్టిన పేరు. యుద్ధకాలంలో బొంబాయి రేవులో ఓడల నక్షాలు గీసి, తర్వాత ఇక్కడ సికింద్రాబాదు రైల్వేలో చేరి, మారేడ్‌పల్లిలో మా పక్కింట్లో దిగారు. మేము బందరు నుంచి వచ్చిన క్రైస్తవులం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, మిషన్ బడిలో లెక్కలు చెప్పేదాన్ని. నా చేతిరాత నచ్చి, తన నక్షాలను ట్రేసింగ్ కాగితాల మీదికి నకలెత్తి, కొలతలూ పేర్లూ రాసే పని నాకిచ్చారు. నేను భాయ్‌సాబ్ అనేదాన్ని, ఆయన బిడ్డా అనేవారు.

ఆయన గీస్తున్నది సముద్రాలు దాటే సరుకుల ఓడ. తెరచాపలతో నడిచేదే, కానీ పాతకాలపుది కాదు. పాత ఓడల్లో స్తంభం నిలవడానికి చుట్టూ తాళ్లు కట్టాలి, చాప విప్పడానికి మనుషులు పైకెక్కాలి. ఈయన ఓడలో తాళ్లే లేవు. ఉక్కు స్తంభం, దాని లోపల చుట్టుకుని ఉండే చాప. గాలి మళ్లిన కొద్దీ స్తంభమే మొత్తంగా తిరుగుతుంది. షెడ్డులో రైలింజను ముఖం తిప్పే చక్రపు బల్ల చూస్తుంటే ఈ ఉపాయం తట్టిందట.

ఆ ఏడాది, నలభై ఎనిమిదిలో, ఇండియా సర్కారు దిగ్బంధంతో నిజాం సంస్థానానికి బయటి నుంచి పెట్రోలు రావడం ఆగిపోయింది. "అన్నీ ఆపొచ్చు బిడ్డా, గాలినెవరాపుతరు?" అంటూ కాగితం మీదికి వంగేవారు. గీత తప్పితే వెంటనే రబ్బరు ముట్టనిచ్చేవారు కాదు. తప్పెక్కడుందో ముందు చూడాలి, తర్వాతే తుడవాలి.

సెప్టెంబరులో పోలీస్ చర్య జరిగి, సంస్థానం ఇండియా సైన్యం చేతికి వచ్చింది. ఆ తర్వాత మా వాడలో ఆయుధాల కోసం ఇళ్లు సోదా చేయడం షురూ అయింది. ఒక మధ్యాహ్నం మిలిటరీవాళ్లు ఆయన కాగితాలున్న రేకు గొట్టం విప్పారు. స్తంభం కింద తిరిగే బల్ల చూసి, ఇది ఫిరంగి పీఠం అన్నారు. ఓడ అని ఆయన చెబితే, సికింద్రాబాదులో ఓడేమిటని ఒకడు నవ్వాడు. జీపెక్కించి తిరుమలగిరిలోని తమ క్యాంపుకు తీసుకెళ్లారు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి నావైపు చూసింది.

కాగితాల మీది రాతంతా నాది. నాన్నగారు తలుపు వేసి, మనకెందుకమ్మా, వాటి మీద నీ పేరు లేదు కదా అన్నారు. ఆయన పిరికివారు కాదు. పట్టుకెళ్లినవాళ్లు తిరిగొస్తారో లేదో తెలియని రోజులవి. మర్నాడు పొద్దున తిరుమలగిరికి బయల్దేరి చెప్పులేసుకుంటుంటే నాన్నగారు గొడుగు తీసుకుని వెంట వచ్చారు.

రెండు గంటలు బయట నిలబెట్టి లోపలికి పిలిచారు. అధికారి బల్ల మీద మా కాగితం పరిచి ఉంది. భాయ్‌సాబ్ గోడ పక్కన, నిద్రలేని ఎర్రటి కళ్లతో. నన్ను చూసి, వెళ్లిపొమ్మన్నట్టు తల ఊపారు.

ఈ రాత నాదేనని చెప్పాను. అయితే ఇదేమిటో నువ్వే చెప్పు, అబద్ధమైతే నువ్వూ ఇక్కడే ఉంటావు అన్నాడు అధికారి. బల్ల దగ్గరికి వెళ్లి కాగితం మీద వేలు పెట్టాను.

"ఫిరంగి పీఠమైతే పైనే ఆగాలి సార్. ఈ స్తంభం ఓడ అడుగు దాకా దిగింది, చూడండి. తాళ్లు లేని స్తంభం గాలికి ఒరగకుండా నిలవాలంటే అంత లోతు కావాలి. ఫిరంగికెందుకు?"

అధికారి స్కేలు పెట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ఇంకొకరిని పిలిపించాడు. ఇంజనీరు కాబోలు, వచ్చినాయన చాలాసేపు చూసి, ఒక్కో చాప ఎంత వైశాల్యమని భాయ్‌సాబ్‌ను అడిగాడు. భాయ్‌సాబ్ తడుముకోకుండా లెక్క చెప్పారు. సాయంత్రానికి వదిలేశారు. కాగితాలు ఉంచేసుకున్నారు. అవి మళ్లీ రాలేదు.

ముగ్గురం ఇంటిదారి పట్టాం. సన్నగా తుంపర పడుతోంది. మా వీధి మలుపులో భాయ్‌సాబ్ ఆగారు.

"బిడ్డా, నువ్వు చెప్పిన దాంట్ల ఒకటి తప్పు. లోతొక్కటే సరిపోదు. పైన డెక్కు కాడ సుత గట్టి పట్టుండాలె."

అని, ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చారు. నాన్నగారు గొడుగు ఆయన వైపు వంచారు.

ఆ చలికాలమంతా గుర్తున్నంత మేరకు మళ్లీ గీశాం. ఆయన వాటిని ఓడలు కట్టే ఎన్నో రేవులకు పంపారు. మర్యాదగా జవాబులు వచ్చాయే గానీ, ఓడ ఎవరూ కట్టలేదు. చాలా ఏళ్లకు, పరదేశంలో తిరిగే చాపలతో పెద్ద ఓడ కట్టారని పేపర్లో ఫోటో వస్తే తీసుకెళ్లి ఇచ్చాను. భూతద్దం పెట్టి చూసి, మంచిగ చేసిన్రు అన్నారు. ఆయన ముఖంలో నొప్పి కోసం వెతికాను. సంతోషమే ఉంది.

పోయిన నెల చివరిసారి కలిసినప్పటికి చూపు దాదాపు పోయింది. ఓడ మాట ఎత్తగానే గ్లాసులో వేలు ముంచి, నల్లటి బల్ల మీద నీళ్లతో గీయడం మొదలుపెట్టారు. అడుగు, డెక్కు, స్తంభం. పైన ఫ్యాను తిరుగుతోంది. గీసిన గీత మొదటి నుంచి ఆరిపోతూ వస్తోంది. ఆయన వేలు మాత్రం ఆగకుండా ముందుకు సాగుతోంది.