సరూన్ ఇంట్లో కౌగిలి పాఠాలు

కంబోడియాలో సియెమ్ రీప్ ఊరి చివర మా సందులో బట్టలు కుట్టే సరూన్‌కి అసూయ రోగం. పరాయివాళ్ళ నగల మీదా మేడల మీదా కాదు. ఎనిమిదేళ్ళ రుమ్‌డూల్ ఎవరిని వాటేసుకుంటే వాళ్ళ మీద.

అనాథాశ్రమమని బోర్డు కట్టి, పిల్లల చేత యాత్రికుల ముందు నాట్యం చేయించి చందాలు దండుకునే చోటి నుంచి ఆ పిల్లని కోర్టు విడిపించింది. అయినవాళ్ళు దొరకలేదు. సంక్షేమశాఖ వారు సంతానం లేని సరూన్‌కి అప్పగించి, కుదురుకుంటే సరి, లేకపోతే వేరే ఇల్లు చూస్తామన్నారు.

పిల్లకి ఆశ్రమంలో అబ్బిన విద్య ఒకటుంది: కనబడ్డవాళ్ళనల్లా నవ్వుతూ కౌగిలించుకోవడం. ఐసు బండివాడికీ దక్కేది, ఎదురింట్లో చేపల పులుసు పోసి బియ్యపు సేమ్యా అమ్మే హున్ అవ్వకీ దక్కేది.

"ఏమే సరూన్, ఇవాళా బోణీ నాదే! నీకేమన్నా మిగిలిందా?" అనేది అవ్వ.

ఆవిడ చేపల పులుసు ఉత్త నీళ్ళని సరూన్ ఆనాడే సందంతటికీ ప్రకటించింది.

ఒక ఉదయం భిక్షకొచ్చిన భిక్షువు మీదికీ పరుగెత్తింది పిల్ల. ఆడవాళ్ళు తాకరాని మహానుభావుడాయన. పాత్రని గుండెలకదుముకుని, సంసారబంధాన్ని ఎంత త్వరగా వదలాలో అంత త్వరగానూ వెనక్కి గెంతారు. సందంతా నోళ్ళు నొక్కుకుంది. సరూన్ మాత్రం, "కాషాయం కట్టినాయన కూడా నాకు పోటీయేనా!" అని కుమిలిపోయింది.

ఎందుకంటే, వచ్చిన కొత్తలో తనని కౌగిలించుకున్న పిల్ల తరవాత మానేసింది.

సంక్షేమశాఖ నుంచి వన్నీ వస్తోందని కబురందింది. ఇది చూస్తే పిల్లని తీసుకుపోదూ? సరూన్ పాఠాలు మొదలెట్టింది. "అమ్మా అంటూ రావాలి. మెడ చుట్టూ చేతులెయ్యాలి. బాగా చేస్తే అరటిపండు పెట్టి ఆకులో ఉడికించిన బియ్యపు అన్సోమ్ ఇస్తా."

వన్నీ వచ్చింది. పిల్ల చేతులు జోడించింది, పరుగున వచ్చి సరూన్‌ని వాటేసుకుంది, తల ఒక పక్కకి వాల్చి, "నేనిక్కడ చాలా సంతోషంగా ఉన్నానండీ" అంది. ఎవరూ అడక్కుండానే వేళ్ళు వెనక్కి వంచి నాట్యం కూడా అందుకుంది.

వన్నీ ముఖం పాలిపోయింది. "పిన్నీ, ఇది నేర్పిందెవరు?"

"ఆశ్రమం వాళ్ళు కొంత... నేను కొంత." అంది సరూన్. "ఊరందరికీ పంచుతోందమ్మా. నాకే లేదు. మీరు చూసి తీసుకుపోతారని..."

"అన్సోమేదీ?" అని కీచుమంది రుమ్‌డూల్. "చేశాగా! అబద్ధాలకోరు! నిన్న అన్నం కూడా మాడ్చి పెట్టావు!" చెప్పు ఒకటి ఎగిరి గోడకి తగిలింది.

సరూన్ సగం చచ్చిపోయింది.

"అక్కడా ఇలాగే అడిగేదానివా, తల్లీ?" అంది వన్నీ.

"అక్కడ అడిగితే కొడతారు."

"చూశారా, అందరికీ నవ్వులూ, నాకు తిట్లూను!" అని కళ్ళొత్తుకుంది సరూన్.

"నవ్వులు ఎవరో నేర్పినవి పిన్నీ. తిట్లు దాని సొంతం. పిల్ల మీ దగ్గరే ఉంటుంది. ఆ పాఠాలు మాత్రం కట్టిపెట్టండి."

సరూన్ అన్సోమ్ తెచ్చిచ్చింది. చల్లారిపోయిందంటూ పిల్ల మళ్ళీ తిట్లందుకుంది. ఎదురింటి అవ్వకి బాగా వినబడాలని సరూన్ గబగబా వెళ్ళి వీధి కిటికీ బార్లా తెరిచింది.